నూట అరవై మైళ్లు, అరవై అయిదు నిమిషాలు

"టికెట్ తీసుకోలేదా?" అన్నాడు ఏజెంట్ శ్రీపతి.

"తీసుకోలే సార్. బేగంపేట నుంచి గన్నవరం ఎంత దూరం, విమానం ఎంతసేపట్ల పోతదని అడిగిండు. నూట అరవై మైళ్లు, అరవై అయిదు నిమిషాలన్న. రాసుకొని పోయిండు," అంది నళిని.

1967. ఆబిడ్స్‌లో ఒక విమానాల బుకింగ్ ఆఫీసు. అక్కడ టికెట్లు రాసే నళిని అందగత్తె, పైగా డబుల్ ఏజెంట్. విదేశీ ముఠా జీతం తింటూ మన సీక్రెట్ సర్వీస్‌కి కబుర్లు మోస్తుంది. ఆ మహాతల్లి ఈ ముక్క నిన్ననే చెప్పి ఏడవొచ్చుగా!

"ఎవడు వాడు?"

"ముఠా బాస్. గీడికెళ్లి నాంపల్లిల వామన్‌రావు గడియారాల దుకాణానికి పోయిండు."

విమానం టైము అడిగి గడియారాల దుకాణానికి వెళ్లాడంటే టైం బాంబే. శ్రీపతి పై ప్రాణాలు పైనే పోయాయి. ఇవాళ పదిన్నరకి లేచిన డకోటా విమానంలో రాడార్ ప్లాన్లతో ఇంజనీరు సోమయాజులు ఉన్నాడు. చెల్లెలి సీమంతానికి బయలుదేరిన ప్రభావతి కూడా ఉంది. ప్రభావతి శ్రీపతి భార్య. టికెట్ తనే కొనిచ్చాడు.

నళినిని ఎక్కించుకుని జీపు నాంపల్లి చేరేసరికి అతని వాచీలో పది యాభై.

పిస్తోలు చూడగానే వామన్‌రావు చేతులెత్తాడు. "రాళ్లు పేల్చే పనికన్నడు సార్. ఇయ్యాల పొద్దుగాల అలారం గడియారం తెచ్చి పదకొండు ఇరవై అయిదుకు పెట్టమన్నడు. ఎవరి సామాన్ల పెట్టిన్రో నాకు తెల్వది."

పదకొండు ఇరవై అయిదుకి విమానం కృష్ణ మీద ఉంటుంది. ముక్క కూడా దొరకదు. శ్రీపతి సిగరెట్ పెట్టెలోని వైర్‌లెస్ తీశాడు.

"టవర్, పాలపిట్ట మాట్లాడుతున్నాను. డకోటాలో బాంబు. వెనక్కి తిప్పండి."

"పదకొండు పద్నాలుగుకి దిగుతుంది, పాలపిట్ట."

పదకొండు నిమిషాలు మిగులు. అతను ఊపిరి పీల్చుకునేలోపు నళిని గోడ వైపు చూసింది. "గిదేంది, ఈ గడియారంల పదకొండు దాటింది?"

"పావుగంట ముందుకే పెడ్తమమ్మా. నాంపల్లిల రైలెక్కెటోళ్లకు లేటు కావొద్దని."

శ్రీపతి అతని కాలరు పట్టుకున్నాడు. "అలారం గడియారం టైము దేన్ని చూసి పెట్టినవ్?"

"దీన్ని చూసే సార్."

అంటే బాంబు పేలేది పదకొండూ పదికే. బేగంపేటకి నాలుగు నిమిషాలు తక్కువ. "టవర్, వెనక్కి వద్దు. పదకొండు పదికే పేలుతుంది. సాగర్ డ్యామ్ దగ్గర చిన్న రన్‌వే ఉంది. ఎంతసేపు?"

"పదకొండు ఆరు. నాలుగు నిమిషాల్లో అందరూ బయటపడతారని గ్యారంటీ ఇవ్వలేం."

"దించండి."

తర్వాత వైర్‌లెస్ మూగబోయింది. పదకొండు ఆరు. ఎనిమిది. పది. శ్రీపతి దుకాణం మెట్ల మీద కూలబడి, పిస్తోలు పక్కన పెట్టి, ప్రభావతీ అని పైకే ఏడ్చాడు.

పదకొండు పన్నెండుకి టవర్ పలికింది. "చివరి ప్యాసింజర్ దిగిన నిమిషానికి పేలింది. అందరూ క్షేమం. ప్లాన్లు సోమయాజులు చేతిలోనే ఉన్నాయి."

ముఠా బాస్‌ని మధ్యాహ్నం ఉస్మాన్‌గంజ్‌లో పట్టుకున్నారు. సాయంత్రం సాగర్ నుంచి ట్రంక్ కాల్ వచ్చింది. ప్రభావతి దృష్టిలో మొగుడు లక్డీకాపూల్‌లో ఒక మామూలు గుమాస్తా.

"ఏందండి గిది? ఎర్రటెండల నిలవెట్టిన్రు. పెట్టెలన్ని కాలినయ్. చెల్లెకు కొన్న పట్టుచీర గూడ పాయె. బస్సుల పోతనంటే విన్నరా మీరు?"

"ఔ, తప్పు నాదే," అన్నాడు శ్రీపతి, ఏడుపు వినపడకుండా ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టి.

విదేశీ ముఠాని మట్టి కరిపించిన ఏజెంట్, మర్నాడు ఆబిడ్స్‌లో చీరల దుకాణం తలుపులు తీయకముందే పట్టుచీర కోసం వాకిట్లో నిలబడ్డాడు.