పడమటి గోడ

మధ్యాహ్నం, భవనాలు ఎటు పెరుగుతాయో చూపే ఎదుగుపటం తెరిచిన సౌదామిని ఉలిక్కిపడింది. గ్రంథాలయం పడమటి భాగంలో పొద్దుటి నుంచి పడిన అడుగుల సంఖ్య దాదాపు సున్నా చూపిస్తోంది.

హైదరాబాదు నడిబొడ్డున ఉన్న ఆ విశ్వవిద్యాలయంలో భవనాలు ఇప్పుడెవరూ కట్టడం లేదు. అవే పెరుగుతున్నాయి. నేలలో నాటిన జీవశిల తనమీద పడే ప్రతి అడుగునూ గుర్తుంచుకుంటుంది. సూర్యాస్తమయానికి ఆనాటి అడుగులు చూసుకుని, ఎటు ఎక్కువమంది నడిస్తే అటు జానెడు సాగుతుంది. ఇరవై ఏళ్లుగా ఆ పెరుగుదలకు ప్రణాళిక రాస్తున్నా, తడితడిగా మెరిసే కొత్త గోడను చూస్తే సౌదామినికి ఇప్పటికీ ఒళ్లు గగుర్పొడుస్తుంది.

కిందటి ఏడాది గ్రంథాలయం ఉత్తరాన ఉన్న కుమ్మరి గల్లీ వైపు తిరిగింది. విద్యార్థులంతా బస్సుకు పోయేది ఆ దారినే మరి. నలభై ఇళ్లు ఖాళీ చేయమని నోటీసులు వెళ్లాయి. అప్పుడు గల్లీవాళ్లు ఒక పని చేశారు. ఆనాటి నుంచి రోజూ గ్రంథాలయానికి వచ్చి, పడమటి అల్మరాల మధ్య గంటల తరబడి నడుస్తున్నారు. నెల తిరిగేసరికి అంత పెద్ద గోడా పసిమొక్క ఎండకు తిరిగినట్టు, పడమట బండలున్న ఖాళీ జాగావైపు మళ్లింది. సౌదామిని అది కళ్లారా చూసింది. ఎవరికీ చెప్పలేదు.

కానీ ఉత్తరపు అంచు, గల్లీ మొదట్లో ఉన్న నర్సవ్వ ఇంటికి జానెడు దూరంలోనే ఆగి ఉంది. పడమట నడక ఒక్కరోజు ఆగితే చాలు.

గల్లీవాళ్లు ఖాళీ చేసి వెళ్లిపోయారేమోనని సౌదామిని గ్రంథాలయానికి పరుగున వచ్చింది. అందరూ అక్కడే ఉన్నారు. నేలమీద కూర్చున్నారు. నర్సవ్వ కోడలు సరూప ఒక లావుపాటి పుస్తకం బిగ్గరగా చదువుతోంది. వేల ఏళ్ల కిందట కుండలు ఎలా కాల్చేవారో అందులో ఉంది.

"అట్ల మంట వెడితే కుండ పలుగుతది. రాసినాయనకు ఎరుక లేదు," అంటోంది డెబ్బై ఏళ్ల నర్సవ్వ.

"నడవండి నర్సవ్వా! కూర్చున్నవాళ్లు శిలకు తెలియరు. పొద్దుగూకితే గోడ మీ ఇంట్లోకే వస్తుంది," అంది సౌదామిని.

"ఎరుకే బిడ్డా. ఇన్నొద్దులు ఈ పుస్తకాల పక్కపొంటి ఉత్తగ నడిస్తిమి. ఇయ్యాల ఒకటి తెరిచినం. లేవబుద్ధయితలేదు. ఈ ఒక్క ముచ్చట ఒడవనీ."

సౌదామిని చేతిలోని పటం వైపు చూసింది. మనుషులు ఎటు పోతారో చెప్పే పటంలో, వాళ్లు ఎక్కడ అన్నీ మరిచి కూర్చుండిపోతారో చూపే గీత ఒక్కటీ లేదు.

ఆమె చెప్పులు విడిచి నడవడం మొదలుపెట్టింది. అల్మరాల చుట్టూ తిరిగి, మళ్లీ తిరిగి. పాదాల కింద శిల గోరువెచ్చగా కదిలింది. ప్రణాళికాధికారి వట్టికాళ్లతో తిరగడం చూసి విద్యార్థులు ఒక్కొక్కరే వెనక చేరారు. సూర్యుడు దిగేవేళకు నేలంతా సన్నగా కంపించి, పడమటి గోడ జానెడు ముందుకు జరిగింది.

నర్సవ్వ మోకాళ్లు పట్టుకుని లేచి, పుస్తకం సౌదామిని చేతిలో పెట్టింది.

"అలిసినవు, కూసో బిడ్డా. ఇగ నువ్వు సదువు. మేం నడుసుకుంట ఇంటం."