జె వరుసలో పద్నాలుగో సీటు

దయ్యాలకు అర్ధరాత్రి ఒక్కటే అచ్చొచ్చిన వేళ అని ఎవరు ప్రచారం చేశారో గానీ, ఆ మహానుభావులు 1999 ఆగస్టు పదకొండున ఆబిడ్స్‌లో లేరు. ఆషాఢ అమావాస్య... పైగా సాయంత్రం సూర్యగ్రహణం! మిట్టమధ్యాహ్నం పన్నెండు కావస్తుండగా నాంపల్లి స్టేషన్ మీదుగా కారుమేఘమొకటి పాకి వచ్చింది. ఆకాశం ఫెళఫెళమని గర్జించింది! శబ్‌నమ్ టాకీస్ కప్పు కింద కాపురముండే పావురాలు ఒక్కసారిగా లేచి, ఎటు పోవాలో తెలియక గోడలకు కొట్టుకున్నాయి.

లేడీస్ కౌంటర్‌లో కూర్చున్న వసుమతికి తలెత్తే తీరిక లేదు. గ్రహణం కారణంగా మ్యాట్నీ, ఫస్ట్ షో ఎత్తేశారు. రోజంతటి జనం పన్నెండు గంటల ఆట మీదే పడ్డారు. ఆడుతున్నది పాత హిందీ సినిమా. చనిపోయిన ప్రేయసి మరో జన్మెత్తి, ప్రియుణ్ణి వెతుక్కుంటూ వచ్చే కథ. నలభై రోజులుగా ఆడుతోంది, ఆ రోజుకు నలభై ఒకటి. చూసినవాళ్ళే మళ్ళీ చూస్తున్నారు, ఏడ్చినచోటే మళ్ళీ ఏడుస్తున్నారు.

అలా ఏడ్చేవాళ్ళలో ప్రహ్లాద్ మొదటివాడు. ఆబిడ్స్‌లో గడియారాలు రిపేరు చేసుకునే మనిషి. యాభైకి దగ్గరపడ్డాడు. మొదటి రోజు నుంచీ అతను మగవాళ్ళ లైన్లో నిలబడకుండా వసుమతి కిటికీ దగ్గరికే వస్తున్నాడు.

"రెండియ్యి చెల్లె. జె పదమూడు, పద్నాలుగు. ఒకటి మా ఇంటామెకు."

వసుమతి నీలం పెన్సిల్‌తో టికెట్ల మీద ఆ నంబర్లే రాసిచ్చేది. ఇంటావిడ మాత్రం ఏనాడూ రాలేదు. వారం తిరిగాక అసలు సంగతి తెలిసింది. ఆవిడ పేరు నర్మద, పోయి ఆరేళ్ళయింది. పెళ్ళైన కొత్తలో ఇద్దరూ ఇదే హాల్లో, ఇవే సీట్లలో, ఇదే సినిమా చూశారట! పాపమనిపించి, ఇక ఏమీ అడక్కుండా రాసిస్తూ వచ్చింది. పద్నాలుగో సీటు నలభై రోజులూ ఖాళీగానే ఉంది.

ఆ నలభై ఒకటో రోజున హౌస్‌ఫుల్ బోర్డు పెట్టేశాక హాసిని ఊడిపడింది. వసుమతి చెల్లెలు, పంతొమ్మిదేళ్ళది. తల్లి పోయాక వసుమతే తల్లయి పెంచింది. గ్రహణమని కాలేజీ పొద్దున్నే వదిలేశారు.

"అక్కా, ఒక్క సీటే! మా క్లాసులందరు చూసిన్రు. నేనొక్కదాన్నే చూడలే."

"లేదు పోవే. నిలబడే జాగ కూడ లేదు."

"జర చూడక్కా, ప్లీజ్..."

వసుమతి చూసింది. చెల్లెలి ముఖం చూసింది, సీట్ల చార్టు చూసింది. ఆ పద్నాలుగో సీటు ఎలాగూ ఖాళీగా ఉండేదే కదా! చచ్చినావిడ వచ్చి కూర్చోబోతోందా ఏమన్నా? "పో, జె పద్నాలుగుల కూసో. పక్కన ఒక పెద్దమనిషి ఉంటడు, ఆయన్ను సతాయించకు" అని తనే గేటు దాటించింది. బుకింగులో పదేళ్ళ అనుభవమున్న మనిషి, అమ్మిన సీటునే మళ్ళీ ఇచ్చింది!

ఇంటర్వెల్లో సమోసాలకు ఎగబడే పిల్ల బయటికి రాలేదు. వసుమతి తలుపు పరదా తొలగించి తొంగిచూసింది. హాసిని నిటారుగా కూర్చుని ఉంది. కుడిచేత్తో ఎడమ భుజం మీంచి ఏదో లాక్కుని ఒళ్ళంతా కప్పుకుంటోంది... పైట సర్దుకున్నట్టు! కానీ అది తొడుక్కున్నది చుడీదార్. చున్నీ ఒళ్ళో పడి ఉంది. పక్కన ప్రహ్లాద్ రెండు చేతులూ జోడించి ఆ పిల్లనే చూస్తూ ధారగా కన్నీళ్ళు కారుస్తున్నాడు. వసుమతి లోపలికి అడుగు వెయ్యబోయింది. ఇంతలో మేనేజర్ పిలవడంతో వెళ్ళిపోయింది.

ఆట వదిలాక జనంలో చెల్లెలు కనబడలేదు. ముందే ఇంటికి పోయి ఉంటుందనుకుని వసుమతి గౌలిగూడ వెళ్ళింది. తలుపుకు వేసిన తాళం వేసినట్టే ఉంది. పక్కింట్లో లేదు, స్నేహితురాళ్ళ దగ్గర లేదు. ఐదు దాటింది. గ్రహణం పట్టింది! మనుషులంతా తలుపులు బిడాయించుకున్నారు. రోడ్ల మీద వెలుతురు పాలిపోయి, కుక్కలు మోరలెత్తి ఏడుస్తున్నాయి. వసుమతి చెప్పులు కూడా వేసుకోకుండా ఆబిడ్స్‌కు పరిగెత్తింది.

టాకీసు పక్కగేటు ఓరగా తెరిచి ఉంది. వాచ్‌మన్ లేడు. పట్టపగలే పైకప్పు మీద గుడ్లగూబ కూసింది! హాల్లోకి అడుగుపెట్టగానే ఆముదం, మాడిన జుట్టు కలిసిన కంపు ముక్కు బద్దలుకొట్టింది. జె వరుస ముందు ఏడు వత్తుల దీపం... దాని వెనుక, కుంకుమ ముగ్గు మధ్య, పసిబిడ్డ కపాలం! దాని మెడకు, అంటే మెడ ఉండవలసిన చోట, నల్లదారంతో గుచ్చిన దండ వేలాడుతోంది. నలభై ఒక్క రోజుల చిరిగిన టికెట్ల సగం ముక్కలవి. ఆ నీలం పెన్సిల్ రాత వసుమతిదే.

కపాలం పక్కన ఒళ్ళంతా శ్మశానభస్మం పూసుకుని కూర్చున్నవాడు అమరేశ్వరరావనే మాంత్రికుడు. నాంపల్లి స్టేషన్ ఎదుట లాడ్జిలో మకాం. తెల్ల బుష్‌షర్టుతో, చంకలో రెక్సిన్ సంచితో కనబడితే రిటైరైన గుమాస్తా అనుకుంటాం. ఆ సంచిలో టిఫిన్ డబ్బా లేదని, ఈ కపాలం ఉందని ఎవడు కలగన్నాడు! దీపానికి అటుపక్కన ప్రహ్లాద్. పద్నాలుగో సీట్లో, జుట్టు విరబోసుకుని... హాసిని!

"హాసినీ!" వసుమతి కేక హాలంతా మారుమోగింది.

పిల్ల మెల్లగా తలెత్తింది. ముఖం చెల్లెలిదే. చూపు కాదు. "ఎవరమ్మా నువ్వు?" అంది, నడివయసు ఆడదాని గొంతుతో.

వసుమతి చెల్లెలి వైపు ఉరికింది. ప్రహ్లాద్ పరుగున వచ్చి అడ్డం నిలబడ్డాడు.

"లొల్లి చెయ్యకు చెల్లె! మా నర్మద వచ్చింది. మళ్ళ పుట్టి వచ్చింది, అచ్చం సినిమాల లెక్క! ఈ పంతులు గిట్లనే అవుతదని చెప్పిండు. రెండుసార్లు పిలిచిన, రెండుసార్లు పలికింది. ఇంకొక్కపారి పిలిస్తే ఇగ ఎన్నటికీ పోదు."

"అన్నా, మీ ఇంటామె పోయి ఆరేండ్లాయె. మా చెల్లెకు పంతొమ్మిదేండ్లు. ఎట్ల పుడ్తదే?"

ఆరేళ్ళ దుఃఖంలో పాపం ఈ చిన్న లెక్క ఆ మనిషికి తట్టనే లేదు. తల విదిలించాడు. "అవన్ని నాకు చెప్పకు. నలభై ఒకటో దినం తనంతట తానే వచ్చి కూసుంటదని పంతులు చెప్పిండు. కూసున్నది."

వసుమతి అతని కాళ్ళ మీద పడింది. "ఎవ్వరు తనంతట తాను రాలేదన్నా! నేను కూసోబెట్టిన. నువ్వు కొన్న సీటును, ఎట్లాగు ఖాళీయే గద అని నా చెల్లెకు ఇచ్చిన. తప్పు నాది! ఏం జేసినా నన్ను చెయ్యి, దాన్ని విడిచిపెట్టు!"

ప్రహ్లాద్ పంతులు వైపు తిరిగాడు. అప్పుడు నవ్వాడు అమరేశ్వరరావు... హాలు గోడలు కంపించేలా వికటాట్టహాసం చేశాడు!

"జన్మలూ పునర్జన్మలూ ఏమిట్రా పిచ్చివాడా! వచ్చింది ప్రేతాత్మ. కూర్చున్నది కన్నెపిల్ల. మూడోసారి నువ్వు పిలిచావో, ఈ పిల్ల ప్రాణం నా కపాలంలోకి, నీ పెళ్ళాం ఈ ఒంట్లోకి! నీకు పెళ్ళాం, నాకు ప్రాణం. గ్రహణం విడవకముందే పిలువు! పిలవకపోతే నీ నర్మద మళ్ళీ ఏనాడూ రాదు. పిలువు!"

ఉరుము ఉరిమింది. దీపశిఖలు నీలమయ్యాయి. హాసిని చేయి ప్రహ్లాద్ వైపు చాచింది. "ఏమండీ..."

ఆ ఒక్క పిలుపుకే అతను ముక్కలైపోయాడు. నిజంగా నర్మదే! ఆ గొంతు కోసం ఆరేళ్ళు చెవులు కోసుకున్నాడు.

"ఏమండీ... లోపట ఎవరో పిల్ల ఏడుస్తున్నది. అక్కా, అక్కా అంటున్నది. ఆ పిల్ల గుండె మీద నేను నిలబడ్డట్టున్నది." చాచిన చేయి వెనక్కి తీసుకుని ఎదమీద పెట్టుకుంది. "నాకు పోవాల్నని లేదండి. ఉండాల్ననే ఉన్నది. గానీ ఏడుపు ఆపుతలేదు..."

ప్రహ్లాద్ పెదవులు కదిలాయి. 'న' అనే అక్షరం వాటి అంచుదాకా వచ్చింది. వసుమతి కళ్ళు మూసుకుంది. ఆమె బతుకులో ఉన్నదంతా ఆ అక్షరం మీద ఆధారపడి ఉంది.

కళ్ళు తెరిచేసరికి అతను జేబులోంచి దస్తీ తీసి ఉండగా చుట్టి, తన నోట్లో తనే కుక్కుకుంటున్నాడు. రెండు చేతులతో అదిమిపట్టి, కాదు కాదని తల అడ్డంగా ఊపుతున్నాడు.

"ద్రోహీ!" మాంత్రికుడు పిచ్చివాడిలా లేచాడు. మేల్కొన్న కపాలం ఆహారం దొరకక పళ్ళు పటపట కొరుకుతోంది! వాడు కపాలాన్ని రెండు చేతులతో పైకెత్తాడు. గొంతు మార్చాడు. అచ్చం ప్రహ్లాద్ గొంతుతో, ప్రేమంతా ఒలకబోసి పిలిచాడు... "నర్మదా!"

నిశ్శబ్దం... పావురం రెక్క కూడా కదల్లేదు. నలభై ఏళ్ళు శ్మశానాలు తవ్వి నేర్చుకున్న విద్యలో వాడికి ఒక్క సంగతి తెలియలేదు. ఆవిడ వచ్చింది మంత్రానికి కాదు, మొగుడి మీద ప్రేమకు. హాసిని దేహం సీట్లోంచి లేచి నిలబడింది. జుట్టు గాలి లేకుండానే ఎగిరింది. కళ్ళు నిప్పులు కక్కాయి!

"ఎవనివిరా నువ్వు? నా పేరు పెట్టి పిలువనీకి నువ్వెవనివిరా!"

పిడుగు పడింది! ఏడు వత్తులూ ఒక్క జ్వాలయి లేచాయి. వాడి చేతుల్లోని కపాలం గిర్రున వాడి వైపు తిరిగి నోరు తెరిచింది. "హ్రీం... హ్రీం..." అంటూ బీజాక్షరాలు వెతుక్కుంటున్న నాలుక అక్కడే బిగుసుకుపోయింది. వాడి ఊపిరి, నెత్తురు, నలభై ఏళ్ళ పాపపు బలం సర్వం పొగలు పొగలుగా ఆ నోట్లోకి ఈడ్చుకుపోయాయి. గావుకేక పెట్టడానికి కూడా గొంతు మిగల్లేదు. ఎండబెట్టిన వరుగులా ముడుచుకుని నేలకొరిగాడు. మరుక్షణం కపాలం ఫెటిల్లున పగిలి బూడిదైపోయింది.

హాసిని కూలబడింది. వసుమతి పరుగున వెళ్ళి ఒళ్ళోకి తీసుకుంది. "అక్కా... దాహం" అంది పిల్ల, తన సొంత గొంతుతోనే. వసుమతి దాన్ని గుండెలకు అదుముకుని బావురుమంది. కానీ పిల్ల కళ్ళు మాత్రం అక్క భుజం మీదుగా ఇంకా ప్రహ్లాద్ కోసం వెతుకుతున్నాయి.

అతను గోడవైపు తిరిగి, నుదురు గోడకు ఆనించి నిలబడ్డాడు. నోట్లోని దస్తీ తీశాడు.

"చెల్లె, పిల్లను జల్ది తీస్కపో. గ్రహణం ఇంక విడువలే. ఆమె ఇంక గీడనే ఉన్నది, నాకు తెలుస్తున్నది. ఇంకొక్కపారి నన్ను 'ఏమండీ' అంటే... నేను పిలుస్తనమ్మా. మీ చెల్లె అని గూడ చూడను. పిలుస్త. ఉరుకు!"

వసుమతి చెల్లెల్ని భుజాన వేసుకుని ఉరికింది. వెనుక అతను మళ్ళీ దస్తీ నోట్లో కుక్కుకున్నాడు. గుడ్డ చాటునుంచి అతని మూలుగు ఆమె గేటు దాటేదాకా వినబడుతూనే ఉంది.