ఆఖరి వైరు పీకేశాక

ఇంట్లో పాటల సిస్టమ్ పెట్టించుకునే ప్రతివాళ్లూ నన్నడిగేది ఒకటే. ఏ వైరు మంచిది కొనాలి? నా జవాబూ ఒకటే. ముందు స్పీకర్లకు వెళ్లే వైరు. తరువాత ప్లేయర్ నుంచి ఆంప్లిఫయర్‌కు వచ్చేది. కరెంటు వైరు గురించి ఎవరేం చెప్పినా నమ్మకండి. ఇరవై ఏళ్లుగా ఇదే చెప్తున్నాను, నా భార్యకైతే కంఠతా వచ్చేసింది.

ఆ మధ్యాహ్నం పిలిచింది నా పాత కస్టమర్ భార్య, రిటైరైన టీచరమ్మ. ఆయన పోయి మూడు నెలలైంది. మేడ మీద ఆయన పాటలు వినే గది నేను చేసిందే. కిటికీ లేదు. గోడలకూ తలుపుకూ మందంగా దూది పరుపులు కుట్టాను. లోపల డప్పు కొట్టినా బయట చీమకు కూడా వినిపించదని అప్పట్లో గొప్పలు చెప్పుకున్నాను.

“ఎడమ స్పీకర్లో ఏదో చప్పుడు నాయనా. ఏ వైరు పాడైందో చూడు, అదొక్కటీ మార్పిద్దాం,” అందామె.

“పావుగంట చాలమ్మా. తలుపు వేసుకుంటేగానీ తేడా తెలీదు. పావుగంటయ్యాక మీరే తీయండి.”

ఆమె తీయాల్సిందే. లోపలివైపు పిడి లేదు. పెద్ద సౌండు పెట్టినప్పుడల్లా అది గలగలమంటోందని ఆయన విసుక్కుంటే నేనే ఊడదీసేశాను.

తలుపు పడింది. లోపల ముక్కిపోయిన వాసన. సిస్టమ్ వేసి, పాటేమీ పెట్టకుండా స్పీకర్‌కు చెవి ఆనించాను.

టక్... టక్... టక్.

వదులైన వైరే అనుకున్నాను. ప్లేయర్ వైరు పీకాను. ఆగలేదు. కరెంటు వైరు తీసేశాను. ఆగలేదు. నాకు నవ్వొచ్చింది గానీ పైకి రాలేదు. ఆఖరికి స్పీకర్ వైరు కూడా పీకేశాను.

టక్... టక్...

పరుపు కుట్టిన తలుపును వేలి కణుపులతో కొడితే అలా ఉంటుంది. కుట్టినవాణ్ణి, నాకు తెలీదూ?

“తలుపు తియ్యవే...” స్పీకర్లోంచి గుసగుస. పోయినాయన గొంతే. “ఛాతీ పట్టేస్తోంది...”

ఆయన ఎలా పోయారో నేనెప్పుడూ అడగలేదు. ఈ గదిలోనా... నేను పిడి పీకేసిన ఈ తలుపు దగ్గరా...

నేనూ తలుపు బాదాను. “అమ్మా... తీయండి...” పరుపులు ఆ కేకలు మింగేశాయి. ఫోన్లో సిగ్నల్ లేదు. పావుగంట దాటింది. అరగంట... గాలి వేడెక్కింది. పిడి ఉండాల్సిన చోట గోళ్లతో గీకాను. అక్కడ అప్పటికే ఎవరివో గోటి గీతలున్నాయి.

టకటక ఆగింది. స్పీకర్లోంచి అడుగుల చప్పుడు. తరువాత టీచరమ్మ గొంతు. వచ్చేసిందనుకున్నాను... ఏడుపొచ్చింది.

“అప్పుడే అయిపోయిందా నాయనా?”

“అయిందమ్మా. ఏ వైరూ పాడవలేదు. ఆ గది ఇక తెరవకండి.”

ఆ రెండో గొంతు నాది.

చెప్పుల చప్పుడు మెట్లు దిగింది. నా స్కూటర్ స్టార్టయింది. వీధి చివర మలుపు తిరిగింది... ఇంకేమీ వినిపించలేదు.

జేబులో చెయ్యి పెట్టాను. స్కూటర్ తాళంచెవి నా దగ్గరే ఉంది.