మిగిలింది తొమ్మిది శాతం

డిసెంబర్ పద్నాలుగు. ఉదయం పదీ ఇరవై. స్కార్డాల్ ఊరి మలుపు.

మంచు తోసే బండి లైట్లకు ముందుగా ఒక టోపీ కనిపించింది. డ్రైవర్ బండి ఆపి దిగాడు.

రోడ్డు వారన, మంచు మీద జారే తోపుడు స్లెడ్ బండి మీద ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. చర్చికి వేసుకునే మంచి కోటు. మెడ చుట్టూ రెండు చుట్లు మఫ్లర్. ఒళ్ళో సంచీ, సంచీ మీద రెండు చేతులు. కనురెప్పల మీద మంచు పేరుకుని ఉంది.

బస్సు కోసం కూర్చున్నవాడిలా ఉన్నాడు. ఆ రోడ్డు మీద బస్సు ఆగిపోయి పదకొండేళ్ళయింది.

ఆయన పేరు ఇస్సాత్. డెబ్బై తొమ్మిదేళ్ళు. ఒంటరి. ఇల్లు అక్కడికి రెండు వందల మీటర్లు.

పోలీసు ఇన్‌స్పెక్టర్ గున్వోర్ ఐరా పదకొండూ నలభైకి అక్కడికి చేరింది. ఒంటి మీద దెబ్బల్లేవు. చలికే పోయాడని డాక్టర్ చెప్పాడు. ప్రాణం పోయింది నిన్న రాత్రి ఎనిమిది ప్రాంతంలో.

గున్వోర్ ఇంట్లోకి వెళ్ళి చూసింది. పొయ్యి పక్కన వారానికి సరిపడా కట్టెలు. సంచీలో మందులు, రెండు జతల బట్టలు, చేపలు కోసే చిన్న కత్తి. నాలుగు రోజులు ఎక్కడికో వెళ్ళడానికి సర్దుకున్నవాడి సంచీ అది.

వెచ్చటి ఇల్లు వదిలి మైనస్ ఇరవై ఏడులో ఈ మనిషి ఎవరి కోసం కూర్చున్నాడు?

ఆ ప్రశ్నకు జవాబు చెప్పగలిగింది ఒక్క మనిషే. ఆమె చెప్పింది ఎవరూ నమ్మలేదు.

ఆమె పేరు లువామ్. ఎరిట్రియా నుంచి వచ్చి ఆరేళ్ళు. వెస్ట్‌నెస్ మునిసిపాలిటీలో వృద్ధుల ఇళ్ళకు వెళ్ళి మందులిచ్చే ఉద్యోగం. పదమూడో తేదీ మధ్యాహ్నం మూడింటికి ఇస్సాత్ ఇంటికి వెళ్ళాలి. వెళ్ళలేదు.

"ఎందుకు వెళ్ళలేదు?"

"ఆయనే వద్దన్నారు మేడమ్. బయలుదేరబోతుంటే ఫోన్ చేశారు."

"ఎన్నింటికి?"

"ఒకటీ ముప్ఫై ఆరు."

"ఏమన్నాడు?"

"ఈరోజు రాకమ్మా, మా యోర్న్ వచ్చాడు, నన్ను పట్నం తీసుకెళ్తాడు అన్నారు."

ఫోన్ వచ్చిన మాట నిజమే. ఇస్సాత్ ఇంటి ల్యాండ్‌లైన్ నుంచి, నలభై సెకన్లు. కానీ ఆ నలభై సెకన్లలో ఏం మాట్లాడుకున్నారో ఏ రికార్డులోనూ ఉండదు. తుఫాను వస్తోందని భయపడి మానేసి, ఇప్పుడు పోయినాయన మీదకి నెడుతోందని ఆఫీసులో అందరూ అనుకున్నారు. అదే రోజు ఆమెను సస్పెండ్ చేశారు. నిర్లక్ష్యమని తేలితే లైసెన్సు పోతుంది. లైసెన్సు పోతే ఉద్యోగం, ఉద్యోగం పోతే ఈ దేశంలో ఉండే అనుమతి.

యోర్న్ ఇస్సాత్‌కు మేనల్లుడు. మిగిలిన బంధువు అతనొక్కడే. వారమంతా కోర్స్‌విక్‌లో చేపల ఫ్యాక్టరీలో పని. పెళ్ళాం, కూతురు వెస్ట్‌నెస్‌లో. పదమూడున లూసియా పండుగ. బడిలో పిల్లల ఊరేగింపులో ఆ ఏడాది కొవ్వొత్తుల కిరీటం పెట్టుకుని ముందు నడిచేది అతని కూతురే. అందుకని సెలవు పెట్టి బయలుదేరాడు.

ఏడ్చి ఏడ్చి అతని కళ్ళు వాచి ఉన్నాయి. గున్వోర్‌ను చిన్నప్పటి నుంచీ ఎరిగినవాడు.

"మధ్యాహ్నం పన్నెండుంపావుకి కోర్స్‌విక్‌లో కారెక్కాను అక్కా. మూడూ పదికి వెస్ట్‌నెస్ ఛార్జర్ దగ్గర దిగాను."

"మూడు గంటలు ఎందుకు పట్టింది?"

"కొండ మీద గాలి. ముందు రోడ్డే కనిపించలేదు."

"దారిలో స్కార్డాల్ వైపు తిరిగావా?"

"తిరిగుంటే చేరేవాణ్ణా? కోర్స్‌విక్‌లో బ్యాటరీ డెబ్బై ఒక్క శాతం ఉంది. ఇక్కడికొచ్చేసరికి తొమ్మిది. లెక్క మీరే వేసుకోండి."

ఆమె లెక్క వేసింది. రెండు చోట్లా ఛార్జర్ రికార్డు ఉంది: బయలుదేరినప్పుడు డెబ్బై ఒకటి, చేరినప్పుడు తొమ్మిది. మధ్యలో ఛార్జింగ్ లేదు. తిన్నగా వస్తే నూట పద్దెనిమిది కిలోమీటర్లు. స్కార్డాల్ వెళ్ళి వస్తే నూటయాభై. పాత కరెంటు కారు, దారి గుర్తుపెట్టుకునే యంత్రం లేదు. కొండ మీద మొబైల్ సిగ్నల్ లేదు. టైరు గుర్తులు తుఫానులో పోయాయి.

మిగిలింది శాతమే. చలిలో బ్యాటరీ ఎండాకాలమంత దూరం రాదు, హీటర్ వేస్తే ఇంకా తగ్గుతుంది. ఎంత తగ్గుతుందో వెస్ట్‌నెస్‌లో ప్రతి మనిషికీ తెలుసు. కానిస్టేబుల్ స్టైనార్ అలాంటిదే మరో కారు తీసుకుని, అదే చలిలో, డెబ్బై ఒక్క శాతంతో కోర్స్‌విక్ నుంచి తిన్నగా వచ్చాడు. పది మిగిలింది.

అంటే స్కార్డాల్ వెళ్ళి ఉంటే యోర్న్ కారు కొండ మీదే ఆగిపోయి ఉండాలి.

గున్వోర్ మళ్ళీ లువామ్ దగ్గరికి వెళ్ళింది. ఆ రోజు తను అన్న మాట ఆ తర్వాత చాలాకాలం తన గొంతులోనే ముల్లులా ఉండిపోయింది.

"చనిపోయినవాళ్ళు వచ్చి కాదనరు కదా, లువామ్."

లువామ్ తల దించుకుంది. "అవును మేడమ్. రారు," అంది.

ఎదురు తిరిగి అరిచి ఉంటే గున్వోర్ మర్చిపోయేదేమో.

*

డిసెంబర్ ఇరవై. ఉదయం తొమ్మిది.

ఫైలు మూసేసే ముందు గున్వోర్ వాంగ్మూలాలన్నీ మరోసారి చదివింది. ఛార్జర్ పక్కన కొట్టు నడిపే తూరిల్ చెప్పింది స్టైనార్ ఆరు వాక్యాల్లో రాశాడు. యోర్న్ మూడూ పదికి వచ్చాడు. కేబుల్ తగిలించాడు. సీట్లో కూర్చుని కారు అద్దం గీకుతున్నాడు. కాఫీ ఇవ్వబోతే చేయి ఖాళీ లేదన్నాడు. నాలుగుంపావుకి బడికి వెళ్ళాడు. అప్పటికి ఇరవై శాతమే ఎక్కింది.

గున్వోర్ ఆగింది. మూడో వాక్యం మళ్ళీ చదివింది.

ఆ ఊళ్ళో అద్దం మీద మంచు గీకడమంటే ముక్కు తుడుచుకోవడం లాంటిది. ఎవరూ పట్టించుకోరు. ఆమె కూడా ఆరు రోజులుగా ఆ వాక్యం దాటిపోయింది.

ఆమె లేచి కొట్టుకి నడిచింది.

"తూరిల్, ఆ రోజు యోర్న్ కారు దిగి గీకాడా, లోపల కూర్చుని గీకాడా?"

"లోపలే. 'ఏంట్రా, లోపల హిమపాతమా' అని వేళాకోళం చేశాను కూడా. నవ్వలేదు."

"ఈ సంగతి స్టైనార్‌కు చెప్పావా?"

"చెప్పాను. ఆయనా నవ్వలేదు."

గున్వోర్ స్టైనార్‌ను వెంటబెట్టుకుని కోర్స్‌విక్ వెళ్ళింది. స్టైనార్ మొదట నడిపిన కారే. డెబ్బై ఒక్క శాతం. మైనస్ ఇరవై ఆరు. ఈసారి హీటర్ ఆపేసింది. ఉన్ని మీద ఉన్ని, పైన దుప్పి తోలు కోటు. పది కిలోమీటర్లకు వాళ్ళ ఊపిరి అద్దం లోపలివైపు గడ్డకట్టడం మొదలైంది. ఇరవై కిలోమీటర్లకు ఆమె నడుపుతుంటే స్టైనార్ గీకుతున్నాడు. మంచు పొడి వాళ్ళ మోకాళ్ళ మీద పడి, కరగకుండా అలాగే ఉండిపోయింది.

స్కార్డాల్ వెళ్ళారు. ఖాళీ ఇంటి ముందు అరగంట ఆగారు. తిరిగి వచ్చారు. నూటయాభై కిలోమీటర్లు.

వెస్ట్‌నెస్‌లో కారు ఆపాక ఆమె తెర వైపు చూసింది.

ఎనిమిది శాతం.

స్టైనార్ ఆ అంకె రాసుకున్నాడు. కాళ్ళు మొద్దుబారి ఇద్దరికీ దిగడానికి కాసేపు పట్టింది. గున్వోర్‌కు లువామ్ దించుకున్న తల గుర్తొచ్చింది.

*

మర్నాడు మధ్యాహ్నం పన్నెండున్నర. పోలీసు ఆఫీసు. సూర్యుడు నవంబర్‌లో వెళ్ళినవాడు జనవరికి గానీ రాడు గనక గదిలో లైట్లు వేసే ఉన్నాయి.

నలుగురిని పిలిచింది: యోర్న్, లువామ్, తూరిల్, స్టైనార్. కాఫీ పోసింది. ఎవరూ తాగలేదు.

గున్వోర్ తొందరపడకుండా చెప్పింది. శాతం అబద్ధం చెప్పలేదు. తామే దాన్ని సగం చదివారు. కారు ఎంత దూరం వచ్చిందో తొమ్మిది శాతం ఒక్కటే చెప్పలేదు. హీటర్ ఉందో లేదో కూడా తెలియాలి. హీటర్ వేసుకుని నూట పద్దెనిమిది వచ్చినా తొమ్మిదే మిగులుతుంది. హీటర్ ఆపేసి నూటయాభై వచ్చినా అంతే. మూడు గంటలు హీటర్ వేసిన కారులో అద్దం లోపల మంచు పట్టదు. యోర్న్ కారులో పట్టింది.

"ఆ ముప్ఫై రెండు కిలోమీటర్లు ఎక్కడికి వెళ్ళావు, యోర్న్?"

అతను అంతా ఒక్కసారే చెప్పాడు.

మామయ్యకు దగ్గు ఎక్కువైందని తెలిసి, పండుగకు తీసుకెళ్దామని వెళ్ళాడు. ముందురోజు ఛార్జింగ్ పూర్తిగా పెట్టడం మర్చిపోయాడు. అందుకే హీటర్ ఆపి నడిపాడు. స్కార్డాల్ చేరేసరికి నలభై శాతం ఉంది. మామయ్య అప్పటికే సంచీ సర్దుకుని లువామ్‌కు ఫోన్ చేసేశాడు. అంత దగ్గుతో ఉన్న ముసలాయన్ని హీటర్ లేకుండా డెబ్బై నాలుగు కిలోమీటర్లు తీసుకెళ్తే ఊపిరితిత్తులు తట్టుకోవు. హీటర్ వేస్తే ముప్ఫై తొమ్మిది శాతం కావాలి. తుఫాను వస్తోంది. ఒక్క శాతం తేడాతో కొండ దాటాలి.

"ఇంటి ప్లగ్‌కు పెడితే రాత్రయ్యేది. పాప ఊరేగింపు నాలుగున్నరకి. నేను వెళ్ళి ఛార్జ్ చేసుకుని ఆరింటికల్లా వస్తాను మామయ్యా, ఇంటి దారిలో కారు దిగబడుతుంది, నువ్వు రోడ్డు మీదకి వచ్చి ఉండు అన్నాను."

చలికి బిగుసుకున్న బ్యాటరీకి ఛార్జింగ్ ఎక్కలేదు. అరగంట అనుకున్నది గంట దాటింది. బడికి వెళ్ళి, పాప పాడటం విని, మళ్ళీ వచ్చి బయలుదేరేసరికి తుఫానుకు కొండ రోడ్డు గేటు మూసేశారు.

"గేటు దగ్గరికి ఎన్నింటికి వెళ్ళావు?"

"ఐదూ ఇరవై."

"మామయ్యకు ఫోన్ చేశావా?"

"చేస్తే ఎక్కడున్నావురా అని అడుగుతాడు. నేను రాలేదు గనక ఇంట్లోకి వెళ్ళిపోయి ఉంటాడనుకున్నాను. అనుకోవాలనుకున్నాను."

"గేటు దగ్గర ఏమైంది?"

యోర్న్ రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు.

"కొండ మీద ఎవరైనా చిక్కుకున్నారా అని అడిగాడు అక్కా, గేటు అతను. ఉన్నారంటే మంచు బండి పంపిస్తాడు. కానీ మామయ్యని ఎందుకు వదిలేసి వచ్చావని అడుగుతాడు. అందరూ అడుగుతారు." చేతులు దించాడు. "లేరు అన్నాను."



"ఐదూ ఇరవైకి మామయ్య బతికే ఉన్నాడా?" అని అడిగాడు యోర్న్.

గున్వోర్ దగ్గర డాక్టర్ రిపోర్టు ఉంది. తెలియదని చెప్పవచ్చు. ఒక్క క్షణం అలాగే చెబుదామనుకుంది. కానీ ఎదురుగా లువామ్ కూర్చుని ఉంది. వారం రోజులు ఆమె మోసినది యోర్న్ అబద్ధాన్నే.

"ఉన్నాడు," అంది. "ఎనిమిది దాకా."

స్టైనార్ అతన్ని పక్క గదికి తీసుకెళ్ళాడు. తూరిల్ కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయింది.

గున్వోర్ అక్కడే, లువామ్ ముందే, మునిసిపాలిటీకి ఫోన్ చేసింది. సస్పెన్షన్ ఎత్తేయమని చెప్పి, ఎందుకో చెప్పి, అదంతా రాతపూర్వకంగా పంపిస్తానంది. ఫోన్ పెట్టేసి లువామ్ వైపు తిరిగింది.

"నేను నిన్ను అనకూడని మాట అన్నాను. నీ మాట వినకముందే నువ్వు అబద్ధం చెబుతున్నావని నిర్ణయించుకున్నాను. క్షమించమని అడగడం కూడా సిగ్గుగానే ఉంది."

లువామ్ చల్లారిన కాఫీ కప్పును పక్కకు జరిపింది.

"మీరు నా మాట నమ్మలేదు. అది సరే మేడమ్," అంది. "నేను ఆయన మాట నమ్మాను. వద్దన్నా వెళ్ళి ఉంటే మూడింటికి ఆయన పక్కన ఉండేదాన్ని. అది తప్పా?"

"కాదు," అంది గున్వోర్.

లువామ్ ఆ మాట విన్నట్టు తల ఊపింది. నమ్మినట్టు మాత్రం లేదు. గోడ గడియారం ఒకటీ ఇరవై చూపిస్తోంది. ఆఫీసు నుంచి ఆమె ఫోన్‌కు మెసేజ్ వచ్చింది: రెండింటికి ఓడరేవు దగ్గర ఒకావిడకు ఇన్సులిన్ ఇవ్వాలి, ఎవరూ లేరు, వెళ్ళగలవా?

ఆమె కోటు తొడుక్కుంది. తలుపు దగ్గర ఆగి ఆ ఇంటికి ఫోన్ చేసింది. అవతల ముసలావిడ తుఫానని, రేపు రమ్మని, తన కోసం శ్రమపడొద్దని గొణుగుతూండటం గున్వోర్‌కు కూడా వినపడింది.

"మీరు వద్దన్నా వస్తానమ్మా," అంది లువామ్. "తలుపు తీసేదాకా కొడుతూనే ఉంటాను."