నోటిమాటే సంతకం

నాకు నోటిదురుసు ఎక్కువని మా వదిన నన్ను గయ్యాళీ అని పిలిచేది. ఆవిడ పోయి మూడు నెలలైంది. గొంతు మాత్రం మా ఆఫీసులో, పద్నాలుగో సీట్లో, ఇంకా ఫోన్లు మాట్లాడుతూనే ఉంది.

ఒకప్పుడు ఆ హాల్లో వదినతో కలిపి నలభైమందిమి ఉండేవాళ్ళం. ఫ్రిజ్ పాడైందనీ వాషింగ్ మిషన్ తిరగట్లేదనీ ఫోన్ చేసి తిట్టేవాళ్ళకి సర్దిచెప్పడం మా పని. తర్వాత కంపెనీవాళ్ళు మా గొంతులు మిషన్‌కి నేర్పించుకుని, వదిన పోయాక అందర్నీ ఇళ్ళకి పంపేశారు. గొంతులు సరిగ్గా పలుకుతున్నాయో లేదో వినడానికి నన్నొక్కదాన్నీ ఉంచారు. ఖాళీ కుర్చీలు, బల్లకో ఎర్రదీపం, వేడెక్కిన వైర్ల వాసన. పట్టపగలు కూడా కిటికీలకి తెరలే. ఎటు తిరిగినా సన్నగా గొణుగుడు.

అక్కడ కాగితాలుండవు. నోటిమాటే సంతకం. రోజూ పని ముగిశాక మిషన్ అడిగేది, "మీ గొంతు సేవలో ఉంటుందా?" అని. ఉంటానన్నామా, చచ్చినా ఉండాల్సిందే. వదిన రోజూ ఉండనంటే ఉండననేది. "బతికుండగా చేసిన చాకిరీ చాలదుటే?" అని నాతో నవ్వేది. మరి ఎలా చిక్కింది? ఆవిడ చివరిరోజు రికార్డు వినిపించమని అర్జీ మీద అర్జీ పెట్టాను. మూడు నెలలకి, ఒక మధ్యాహ్నం, చేతికొచ్చింది.

రికార్డులో వదిన ఆయాసపడుతోంది. పని ముగించి, సీట్లోంచే అన్నయ్యకి ఫోన్ చేసింది. "పాపకి జ్వరం తగ్గిందా? నాకేదో అదోలా ఉందండీ... ఏం లేదు, తగ్గిపోతుంది లెండి. సరే, ఉంటాను మరి."

ఫోన్ పెట్టేసింది. వెంటనే టిక్కుమని చప్పుడు. కింద మిషన్ రాసుకున్న ముక్క కనబడింది: ఉంటానన్నారు.

ఓరి దీని దుంపతెగ! ఫోన్ పెట్టేసేటప్పుడు ఎవరైనా అనే మాటే కదా అది! వెళ్తాననడానికి నోరు రాక ఉంటానంటాం. అంతమాత్రానికి ఆడమనిషిని చచ్చాక కూడా కుర్చీకి కట్టేస్తారా? ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. వదినని విడిపించి గానీ ఇంటికి వెళ్ళకూడదనుకున్నాను. రద్దు మీట నొక్కాను.

తెర మీద ప్రశ్న వచ్చింది. బదులు ఎవరు?

బతికున్న రోజుల్లో సెలవడిగినా ఇదే గోల, బదులు మనిషిని చూపించి కదలాలి. ఎవరూ లేరని కొట్టాను. తీసుకోలేదు. నా పేరు కొడదామా అనుకున్నాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, చెయ్యి రాలేదు.

పద్నాలుగో సీటు దగ్గరికెళ్ళి హెడ్‌ఫోన్ పెట్టుకున్నాను.

"వదినా... నిన్ను విడిపిద్దామనుకున్నాను. బదులు మనిషి కావాలట. నా వల్ల కావట్లేదు..."

ఫోన్లు మాట్లాడుతున్న వదిన గొంతు మాట మధ్యలో ఆగిపోయింది. గొణుగుడు ఆగిపోయింది. హాలంతా ఆగిపోయింది.

"ఏడవకే గయ్యాళీ... బదులు నేను చూసుకుంటాలే."

ఎర్రదీపం ఆరిపోయింది. తెర మీద రద్దయిందని వచ్చింది. సంతోషం ముందు భయమెంత? కళ్ళు తుడుచుకుంటూ మెట్లు దిగుతున్నాను. అన్నయ్య ఫోన్.

"ఏం చేశావే చెల్లీ! మీ వదిన మాట్లాడుతోందే..." అన్నయ్య ఏడుస్తున్నాడు, ఆనందంతో. "పాప గదిలో. ఏదో కథ చెబుతున్నట్టుంది. పాప ఊఁ కొడుతోంది."

"ఫోన్‌లోనా?"

"ఫోన్ నా చేతిలో ఉందిగా..."

మెట్టు మీదే ఆగాను. "ఏం కథ అన్నయ్యా? ఫోన్ తలుపుకి ఆనించు."

ఆనించాడు. వదిన గొంతే. జోకొడుతున్నట్టు, నెమ్మదిగా...

"ఒకటో షరతు... సెలవులు ఉండవు."

"ఊఁ."

"రెండో షరతు... అలసిపోయాను అనకూడదు."

"ఊఁ."

నాలుగేళ్ళ పిల్ల. నిద్రమత్తులో, ముద్దుముద్దుగా.

"అన్నయ్యా! ఊఁ కొట్టద్దని చెప్పు! తలుపు తియ్యి! పాప వద్దు, నన్ను రాసుకోమను... నేనుంటాను, నేనే ఉంటానని చెప్పు!"

దబదబా బాదుతున్న చప్పుడు. ఆనక అన్నయ్య గొంతు, బాగా తగ్గిపోయి.

"రావట్లేదే... లోపల్నుంచి పైగడియ పెట్టుంది. పాపకి అందదు కదా..."

లోపల మూడో షరతు చెప్పడం అయింది.

ఈసారి ఊఁ అన్న గొంతులు రెండు. పాపదీ, నేను నోరు మెదపకుండానే నాదీ.