ఖాళీ అని చూపిన చోటు

లిఫ్టు తలుపు తెరుచుకున్నా లోపలి మనిషి బయటికి రాలేదు. గోడకు వీపు ఆనించి అలసిపోయినవాడిలా కూర్చుని ఉన్నాడు. చొక్కా మీద మరక లేదు. మెడ వెనక సూది గుచ్చిన ఎర్రటి చుక్క మాత్రం ఉంది.

డిపార్ట్‌మెంట్‌లో అతని కోడ్ నేమ్ నత్త. ఏ పనీ తొందరపడి చెయ్యడని ఆ పేరు పెట్టింది పిన్ని. అతనికి కంప్యూటర్ల గుట్టు లాగడం నేర్పిందీ ఆమే. డిపార్ట్‌మెంట్ మొత్తానికి ఆమె పిన్నే. ఒక్క చీఫ్‌కి మాత్రం భార్య చెల్లెలు.

మర్నాడు మధ్యాహ్నం చీఫ్ బ్రీఫింగ్ నాలుగు ముక్కల్లో తేల్చేశాడు.

"సరిహద్దు అవతలి ముఠా రైల్వే సిగ్నళ్లలోకి దూరింది. ఇవాళ సాయంత్రం రద్దీలో సిగ్నళ్లన్నీ ఒక్కసారే పచ్చగా వెలుగుతాయి."

"రైళ్లు ఆపించండి, బావగారూ," అంది పిన్ని.

"పైవాళ్లు రుజువు అడుగుతున్నారు. రుజువు నత్తతోనే పోయింది. దాన్ని ఆపే ప్రోగ్రాం రాశాడు. అది అతని లాప్‌టాప్‌లో, విండోస్‌లో కాదు, లినక్స్ అనే రెండో సిస్టంలో ఉంది. సిగ్నల్ సర్వర్ ఆ ఒక్క మెషీన్‌నే లోపలికి రానిస్తుంది. లాప్‌టాప్ దుబాసీ తీసి దాచింది. వెళ్లి చూడు."

దుబాసీ అంటే రాయబారుల విందుల్లో అనువాదం చేసే అందగత్తె. ఆమె నవ్వితే ఎదుటివాడు తన సొంత భాష మరిచిపోతాడు. ముఠా బల్ల దగ్గర కూర్చుని, విన్నదంతా డిపార్ట్‌మెంట్‌కి చేరవేసే డబుల్ ఏజెంట్.

పిన్ని కుట్టుమిషన్లు బాగుచేసే మనిషి వేషంలో, చేతిలో గొడుగుతో, దుబాసీ దాక్కున్న గది కింది లాండ్రీ షాపు చేరింది. గొడుగు పిడిలో లినక్స్ నింపిన పెన్‌డ్రైవ్ ఉంది. ఇస్త్రీ బల్ల దగ్గర ఇద్దరు నిలబడి ఉన్నారు. వాళ్ల చేతుల్లో బట్టలు లేవు. ఆమె పట్టించుకోనట్టు మెట్లెక్కి తలుపు తట్టింది.

"నల్లకోటు అయిందా?" లోపలి గొంతు.

"ఒక బొత్తాం తక్కువ."

గడియ తీశారు. దుబాసీ కళ్లు ఏడ్చి ఉబ్బినట్టున్నాయి. కాటుక మాత్రం చెదరలేదు.

లాప్‌టాప్ ఆన్ చేస్తే నల్లటి తెర మీద ఒకే వాక్యం: అలాంటి పార్టిషన్ లేదు. నత్త ఒకే డిస్క్‌ని రెండు భాగాలు చేసి, ఒక దాంట్లో విండోస్, రెండో దాంట్లో లినక్స్ పెట్టుకున్నాడు. ఆన్ చెయ్యగానే ఏది కావాలని అడిగే మెనూ ఇప్పుడు రావడం లేదు.

"నేను ముట్టుకోలేదు పిన్నిగారూ. ఆయన పోయినప్పటి నుంచీ మూసే ఉంచాను," అంది దుబాసీ. "ప్రోగ్రాం బ్యాకప్ నా దగ్గరుంది. మీరు ఆ ఖాళీలో మళ్లీ లినక్స్ వేస్తే చాలు."

పిన్ని పెన్‌డ్రైవ్‌తో మెషీన్ లేపి డిస్క్ మ్యాప్ తెరిచింది. ఎడమవైపు విండోస్. దాని పక్కన, లినక్స్ ఉండాల్సిన చోట, బూడిదరంగు పట్టీ. ఖాళీ. విండోస్ చివరిసారి ఎప్పుడు నడిచిందో చూసింది. ఈ ఉదయం. నత్త చచ్చిపోయింది నిన్న.

పిన్నికి విషయం అర్థమైంది. ముఖం మాత్రం మారనివ్వలేదు.

విండోస్‌లోంచి ఆ పార్టిషన్‌ని తీసేసింది దుబాసీయే. కానీ తీసేస్తే పోయేది పట్టికలో పేరే. లోపలి సరుకు ఎక్కడిదక్కడే ఉంటుంది. దాని మీద మళ్లీ ఏదైనా రాస్తేనే నిజంగా నాశనం. ఆ రాసే చెయ్యి పిన్నిది కావాలని దుబాసీ ఎత్తు. రేపు విచారణలో వేలు ఆమెవైపే చూపిస్తారు.

దుబాసీ ఒళ్లో హ్యాండ్‌బ్యాగ్ తెరిచే ఉంది. కుడిచెయ్యి అందులోంచి బయటికి రావడం లేదు. కింద ఇద్దరున్నారు. ఒక్క తూటా ఈ డిస్క్‌కి తగిలినా అంతా అయిపోయినట్టే.

"విండోస్ దగ్గర కాస్త చోటు తీసుకుంటానమ్మా. లినక్స్‌కి ఇరుకైతే మొరాయిస్తుంది," అంది పిన్ని.

"మీ ఇష్టం. త్వరగా."

విండోస్ కుంచించుకుంది. విడిపోయిన చోటు పాత ఖాళీతో కలిసి, తెర మీద ఒకే పొడవాటి బూడిదరంగు పట్టీ అయింది. ఎక్కడిదాకా కొత్తదో, ఎక్కడి నుంచి నత్తదో పిన్నికి మాత్రమే తెలుసు. కొత్త లినక్స్‌ని ఖాళీ మొదట్లో పెట్టాలా, చివర్లోనా అని ఇన్‌స్టాలర్ అడిగింది. మొదట్లో అని నొక్కి, విండోస్ నుంచి తీసుకున్నంత సైజే ఇచ్చింది.

"ఖాళీలోనేగా?" దుబాసీ భుజం మీదుగా వంగింది. సెంటు వాసన ఊపిరాడనివ్వలేదు.

"ఖాళీలోనే."

"చివర ఆ బూడిదరంగు ఏమిటి, మిగిలింది?"

పిన్ని కీబోర్డు మీంచి తలెత్తలేదు.

"స్వాప్‌కి. మెమరీ చాలనప్పుడు అదే వాడుకుంటుంది."

దుబాసీ ఆమె ముఖంలోకి చూసింది. చాలాసేపు చూసింది. చివరికి తనే చెయ్యి చాచి ఇన్‌స్టాల్ నొక్కింది. తెర మీద గీత మెల్లగా నిండింది. నిండాక దుబాసీ ఫోన్ తీసి చీఫ్‌కి చెప్పింది: "పిన్నిగారు మొత్తం కొత్తగా వేసేశారండీ. బ్యాకప్ తెస్తాను." బయటికెళ్లి తలుపుకు తాళం వేసింది. మెట్ల మీద ఆమె అడుగులు దిగాయి, కింది ఇద్దరి అడుగులూ వాటితో కలిసి వీధిలోకి పోయాయి.

కిటికీ అవతల స్టేషన్‌లో సాయంత్రం రైళ్ల కూతలు మొదలయ్యాయి.

పిన్ని పోయిన పార్టిషన్లు వెతికే టూల్ నడిపింది. అది డిస్క్‌ని అంగుళం అంగుళం తడుముతోంది. మొదటి వరస: విండోస్. రెండోది: ఇప్పుడు వేసిన లినక్స్. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. తను లెక్క తప్పిందేమో, నత్త రాసిన దాని మీదే రాసేసిందేమో అని ఆమె అంకెలు మళ్లీ సరిచూసుకుంది.

మూడో వరస కనిపించింది.

ఆమె దాని పేరు పట్టికలో తిరిగి రాసి తెరిచింది. నత్త ఫోల్డర్లో ఒకే ప్రోగ్రాం ఉంది. దానికి ఎర్రజెండా అని పేరు పెట్టుకున్నాడు పిచ్చివాడు. ఆమె కళ్లు తుడుచుకోకుండానే దాన్ని నడిపింది. సర్వర్ గుర్తుపట్టి లోపలికి రానిచ్చింది. కిటికీలోంచి చూస్తే పట్టాల మీద పచ్చదీపాలు అప్పటికే వరసగా వెలుగుతున్నాయి. వంతెన మీద ఎదురెదురుగా రెండు రైళ్లు.

పచ్చదీపాలన్నీ ఎర్రబడ్డాయి. బ్రేకులు కీచుమన్న చప్పుడు గది అద్దాల్లోకి వచ్చింది. రెండు ఇంజన్లూ ముక్కూముక్కూ తగిలేంత దగ్గరలో నిలిచిపోయాయి.

ఫోన్ మోగింది.

"దుబాసీ ఎక్కడ? బ్యాకప్ ఇంకా రాలేదు," అన్నాడు చీఫ్.

"ఆమె వాళ్ల మనిషే, సరిహద్దు రైలెక్కి ఉంటుంది. ఆ ఒక్క లైనుని ముఠా తమకోసం వదిలేసి ఉంటుంది."

"అయితే చెయ్యిదాటినట్టే."

"లేదు బావగారూ. నత్త ఏ లైనూ వదల్లేదు, అన్నీ ఆపేశాడు. మీవాళ్లని పట్టాల వెంట నడిచి వెళ్లమనండి."

ఊరు దాటకముందే పొలాల మధ్య ఆగిన పెట్టెలో, పుస్తకం చదువుతున్నట్టు నటిస్తూ దొరికింది దుబాసీ.

వారం తర్వాత పిన్నికి అకౌంట్స్ సెక్షన్ నుంచి మెమో వచ్చింది: అనుమతి లేకుండా ప్రభుత్వ లాప్‌టాప్‌లో విండోస్ సైజు ఎందుకు తగ్గించారో సంజాయిషీ ఇవ్వవలెను. ఆమె కాసేపు ఆలోచించి, కింద ఒక్క ముక్క రాసి సంతకం పెట్టింది: "ఇరుకుగా ఉండి."