రేపొస్తానన్న సంతకం

మలేసియాలోని బలిక్ పులావ్ కొండవాలులో బూన్ సెంగ్ ముసలాయన డూరియన్ పళ్ల తోట ఉంది. ఆ తోటలో కాపలా గుడిసె వైపు చీకటి పడ్డాక ఎవరూ పోరు. ముసలాయన పోయి ఏడాది కావస్తోంది. అయినా గుడిసెలో దీపం వెలుగుతుందట... దారిన పోయేవాళ్లని పేరు పెట్టి పిలిచి, "ఒక్క సంతకం పెట్టి పోవయ్యా" అంటాడట. తోట కొందామని వచ్చిన బేరగాళ్లు ఆ మాట విని అటునుంచి అటే వెళ్లిపోయారు.

లారీ నడిపే చాయ్ హాక్ మాత్రం నమ్మలేదు. దెయ్యమూ లేదు, భూతమూ లేదు, అంతా గైక్ చూ వేషమే అన్నాడు.

ఆ అనుమానానికి కారణం లేకపోలేదు. గైక్ చూ ముసలాయనకి చుట్టం కాదు. చిన్నప్పుడు తోటపనికి వచ్చి అక్కడే ఉండిపోయింది. పిల్లల్లేని ఆయనకి వండి పెట్టింది, మంచాన పడితే ఒళ్లు తుడిచింది. తోట ఆమెకే చెందాలని ఆయన వీలునామా రాయించాడు. సాక్షులు ఇద్దరు కావాలి. మందుల కొట్టాయన ఒప్పుకున్నాడు. చిక్కంతా రెండోవాడి దగ్గరే వచ్చింది.

అది చైనా లెక్కలో ఏడో నెల మరి. పైలోకం తలుపులు తెరుచుకుని, పోయినవాళ్లు ఊళ్లో తిరిగే నెల. అలాంటప్పుడు చావబోయేవాడి కాగితం మీద పేరు రాస్తే తరవాతి పిలుపు మనకేనని ఊరంతా ముఖం చాటేసింది. చాయ్ హాక్ కూడా "రేపొస్తాలే పెద్దాయనా" అని లారీ ఎక్కేశాడు. ఆ రేపు రానేలేదు. చివరికి ఇంకెవరూ దొరక్క గైక్ చూనే సంతకం పెట్టింది.

ఆస్తి ఎవరికి రాశారో వాళ్లే సాక్షిగా సంతకం పెడితే అది వాళ్లకి దక్కదట. ఆ సంగతి ముసలాయన పోయాకే తెలిసింది. తోట కౌలాలంపూర్‌లో ఉన్న తమ్ముడి కొడుకు పాలైంది. అతను తోట అమ్మేస్తానని గైక్ చూని ఖాళీ చెయ్యమన్నాడు.

ఇక కొనేవాళ్లు బెదిరిపోతే ఎవరికి లాభం? ఆ పిల్లకే కదా.

ఆ రాత్రి చాయ్ హాక్ లారీ కింద ఆపి, టార్చి ఆర్పి, తోటలోకి ఎక్కాడు. ఎక్కడో పండు రాలింది—దబ్బున. ఆగాడు. మళ్లీ నడిచాడు.

గుడిసెలో... దీపం.

వెనక్కి తిరిగి ఎవరో కూర్చున్నారు. ముసలాయన తెల్ల బనీను. ఆ వంగిన వీపు. దొరికావే పిల్లా అనుకున్నాడు.

"చాయ్ హాకూ..." గుసగుసగా వినిపించింది. "రేపొస్తానన్నావు."

గొంతు అచ్చం ముసలాయనదే. బాగానే నేర్చుకుంది అనుకున్నాడు గానీ, గుమ్మం దాటలేదు.

"చాల్లే గైక్ చూ. నా దగ్గరా నీ వేషాలు?"

ఆ మనిషి తిరగలేదు.

"నువ్వు పెట్టుంటే... ఆ పిల్ల పెట్టేది కాదుగా."



"ఎవరితో మాట్లాడుతున్నావు బాబాయ్?"

ఈ మాట వెనక నుంచి వచ్చింది. గైక్ చూ—నుదుటికి లైటు, వీపున పళ్ల బుట్ట, మోకాళ్ల దాకా బురద.

చటుక్కున గుడిసెలోకి చూశాడు. చీకటి.

"ఆ దీపం... నువ్వు పెట్టిందేనా?"

"దీపమా? అందులో నూనె అయిపోయి ఎన్నాళ్లయిందో." బుట్ట దించింది. "రేపు పొద్దున్నే వెళ్లిపోతున్నా బాబాయ్. తాతకి ఒక మంచి పండు పెట్టి పోదామని వచ్చా."

లోపలికి అడుగుపెట్టి ఆగిపోయింది. ఆమె లైటు వెలుగులో బల్ల కనిపించింది. దాని ముందు రెండు స్టూళ్లు వేసి ఉన్నాయి. బల్ల మీద పెన్ను, మూత తీసి ఉంది.

"ఇవన్నీ పొద్దున మూల సర్దేశానే..." అంది మెల్లిగా.

చాయ్ హాక్ వెళ్లి ఒక స్టూలు మీద కూర్చున్నాడు. పెన్ను తీసుకున్నాడు. ఏడుపొచ్చింది.

"ఎక్కడ పెట్టమంటావు పెద్దాయనా?"

బల్ల మీద కాగితం లేదు.